సిరాకుసాలో నా కోసం ఆగిపోయిన ఆవిడ

ఈ మధ్య ముంబై పక్కన భివండీలో మనవాళ్ల పిల్లలు కొందరు టూర్ మేనేజర్ పని గురించి అడగడానికి మా ఇంటికి వస్తున్నారు. వాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అత్తా, గీ పనిల ఘూమ్‌నా ఫుకట్‌లనే కదా?" తిరగడం ఉచితమే, కాకపోతే తిరిగిన ఊరిని చూసే తీరిక ఉండదు తల్లీ అని చెప్తాను. అందరూ చర్చి గోపురం చూస్తున్నప్పుడు మనం బాత్‌రూమ్ ఎక్కడుందో చూస్తుంటాం. అందరూ సముద్రం చూస్తుంటే మనం వెనకపడిన పెద్దాయన మోకాళ్లు చూస్తుంటాం.

మనకే జబ్బు చేస్తే ఏమవుతుందని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నాకు పని నేర్పిన పెద్ద మేనేజర్ ఒకసారి తనంతట తానే, "మనకు జబ్బులు రావు, వచ్చేది సెలవుల్లోనే" అని నవ్వాడు. నేను చాలా ఏళ్లు ఆ మాట నమ్ముకుని బతికాను. నమ్మకం సిసిలీ దాకా బాగానే నడిచింది.

నా గురించి కొంచెం చెప్పాలి. మా నాన్న భివండీలోనే నార్పోలిలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. అమ్మ నాగావ్‌లో ఒక సేటు కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. ఉత్తర తెలంగాణ నుంచి బతకడానికి వచ్చిన కుటుంబం మాది. చాల్‌లో ఒక గది ఖోలీ. కొంత తెలుగులో, కొంత మరాఠీలో చదివి, కల్యాణ్‌లో రైలు టికెట్లు బుక్ చేసే దుకాణంలో చేరి, అక్కణ్ణుంచి ముంబైలో ఒక టూర్ల కంపెనీకి వెళ్లాను. పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయి, తమ్ముడు వేరు కాపురం పెట్టాక అమ్మా నేనూ ఆ ఖోలీలోనే ఉండేవాళ్లం. యూరప్‌కు జనాన్ని తీసుకెళ్లి తీసుకురావడం నా ఉద్యోగం. గొడుగు పైకెత్తి ముందు నడవడం, బస్సులో మైకు పట్టుకుని మాట్లాడటం, చివరి రోజు ముంబై విమానాశ్రయంలో ఆఖరి ప్రయాణికుడు కారెక్కేదాకా నిలబడటం.

ఆ సంవత్సరం భివండీ సాంచాల సేట్లు కొందరు కుటుంబాలతో కలిసి ఒక గ్రూపు కట్టారు. అందరూ మన తెలుగువాళ్లే. ప్యారిస్, స్విట్జర్లాండ్ ఇదివరకే చూసినవాళ్లు. ఇటలీ కింద సిసిలీ అని పెద్ద దీవి ఉంది, అక్కడ మండే కొండ ఉంది అని ఎవరో చెబితే ఆ టూర్ కావాలన్నారు. తెలుగు వచ్చిన మేనేజర్ కంపెనీలో నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పంపించారు. అన్నేళ్ల ఉద్యోగంలో మైకులో తెలుగు మాట్లాడటం నాకదే మొదటిసారి. పలెర్మోలో బస్సెక్కి "అందరు కూసున్నరా?" అనగానే బస్సంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ గ్రూపులో ఒకావిడను నేను ముంబై విమానాశ్రయంలోనే గుర్తుపట్టాను. మా అమ్మ పనిచేసిన కార్ఖానా ఇంటి కోడలు. నేను బడి పిల్లగా ఉన్నప్పుడు అమ్మకు మధ్యాహ్నం సద్ది తీసుకుని నాగావ్ వెళ్లేదాన్ని. కింద సాంచాలు, పైన సేటు కుటుంబం. ఒకరోజు వెళ్లేసరికి పై మెట్ల మీద కొత్త పెళ్లికూతురు నిలబడి ఉంది, మెహందీ చేతులతో. అందరూ ఆమెను సేటమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. నాకంటే పది పన్నెండేళ్లు పెద్దదై ఉంటుంది. ఇప్పుడు జుట్టు నెరిసింది, మనిషి నిండుగా అయింది, గొంతు మాత్రం అదే. సాంచాల మోతలో ఏళ్లకేళ్లు అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. బస్సు చివరి సీట్లో కూర్చుని భర్తను మందలిస్తే డ్రైవర్ ఉలిక్కిపడేవాడు.

ఆమె భర్త మెత్తని మనిషి. షుగర్ ఉంది. ఆయన గోలీలన్నీ ఆమె చేతిసంచిలో ఉండేవి. ఆమె అడిగినప్పుడు నోరు తెరిచేవాడు, అంతే. ఆమెకు చాయ్ వేడిగా ఉండాలి, గది కింది అంతస్తులో ఉండాలి, కిటికీ సీటు కావాలి, మండే కొండ తప్పకుండా చూడాలి. "మేడం, అగ్గికొండ ఎన్నడు?" అని పలెర్మో నుంచి రోజూ అడిగింది.

నేనెవరినో ఆమెకు చెప్పలేదు. సిగ్గుతో కాదు. మేనేజర్‌కు టూర్‌లో సొంత ఊరూ ఇల్లూ ఉండకూడదని నాకు నేర్పారు. పైగా ఏమని చెప్పాలి? మా అమ్మ మీ కండెలు చుట్టింది అంటే, ఆమె ఏమనాలి? మంచిది అనాలా?

అగ్రిజెంటోలో పాత గుళ్ల శిథిలాల మధ్య ఎండలో నడుస్తుంటే నాకు కుడిపక్క డొక్కలో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని గోలీ వేసుకున్నాను. మర్నాడు రగూసా. కొండమీద ఊరు, ఊరంతా మెట్లే. దిగేటప్పుడు నొప్పి వీపులోకి పాకింది. గొడుగును చేతికర్రలా పట్టుకుని నడిచాను. బస్సు డ్రైవర్ ఆ దీవివాడే, అరవై దాటినాయన. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి ఓ పాతిక ఇటాలియన్ ముక్కలు. అంతకుముందు రెండు టూర్లు ఆయనతో చేశాను. ఆయన అద్దంలో నా మొహం చూసి, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని కనుబొమలెగరేశాడు. నేను బొటనవేలు పైకెత్తాను. ఆయన తల అడ్డంగా ఊపి బస్సు కదిలించాడు.

పని గురించి అడగడానికి మా ఇంటికొచ్చే పిల్లలకు నేను చెప్పే పాఠం ఒక్కటే. హోటళ్ల నంబర్లు, భోజనాల ఏర్పాట్లు, ఎవరికి ఏ జబ్బుందో, అన్నీ మీ తలలోనే పెట్టుకోకండి. మీరు పడిపోతే మీ తల కూడా మీతోనే పడిపోతుంది. నాది సిరాకుసాలో పడింది.

సిరాకుసాలో పాత ఊరు సముద్రంలోకి చొచ్చుకుపోయిన చిన్న దీవి. దాని మధ్యలో తెల్లరాయి పరిచిన పెద్ద చౌరస్తా. ఒకప్పటి గుడి స్తంభాలను అలాగే ఉంచి వాటి చుట్టూ గోడ కట్టి చర్చి చేశారక్కడ. అక్కడి లోకల్ గైడ్ ఆ సంగతి ఇంగ్లిష్‌లో చెప్తోంది, నేను తెలుగులోకి మారుస్తున్నాను. "గుడి స్తంభాలే గిప్పుడు చర్చిని మోస్తున్నయి" అన్నంతవరకూ గుర్తుంది. తర్వాత తెల్లరాయి నా మొహానికి దగ్గరగా వచ్చింది.

కళ్లు తెరిచేసరికి నా చుట్టూ భివండీ మొత్తం వంగి ఉంది. ఒకరు నీళ్లంటున్నారు, ఒకరు గాలి ఆడనియ్యమంటున్నారు, ఒకాయన నా అరికాళ్లు రుద్దుతున్నాడు. వాళ్లందరినీ పక్కకు తోసి సేటమ్మ నా తల ఒళ్లో పెట్టుకుంది.

"ఎక్కడ నొస్తున్నది మేడం? గీడనా? గీడనా?"

ఆమె కుడి డొక్క మీద చెయ్యి వేయగానే నేను అరిచాను.

"సాలు. దవాఖానకు నడువుండ్రి."

ఆ ఇరుకు సందుల్లోకి బస్సు రాదు. గైడ్ పిల్ల ఒక హోటల్‌వాళ్ల చిన్న బండి మాట్లాడింది. వంతెన దాటాక మా బస్సు దొరికింది, మావాళ్లు వెనకే నడిచొచ్చి ఎక్కారు. డ్రైవర్ ఎవరినీ దింపలేదు. గ్రూపు గ్రూపంతటితో ఆ పెద్ద బస్సును ఆస్పత్రి ఎమర్జెన్సీ గుమ్మం ముందు తెచ్చి ఆపాడు. మావాళ్లందరూ దిగి లోపలికి వచ్చారు. సాంచాల మధ్య బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. లోపల నర్సులు పరుగెత్తుకొచ్చి పెదవుల మీద వేలు పెట్టి బతిమాలారు. మావాళ్లు గుసగుసగా మాట్లాడదామని ప్రయత్నించారు. ఆ గుసగుసకే ఒక తలుపు తెరుచుకుని డాక్టర్ బయటికొచ్చాడు.

స్కాన్ చేశారు. పిత్తాశయంలో రాళ్లు, చీము కూడా పట్టింది, రేపే ఆపరేషన్ చేయాలి అన్నాడాయన ఇంగ్లిష్‌లో. నాకు అర్థమైంది. కానీ నేను వెంటనే అడిగింది వేరు. "ఈ రాత్రికి నా గ్రూపు తావోర్మీనా చేరాలి. ఎల్లుండి అగ్నిపర్వతం. నేను ఎన్ని గంటలకు బయల్దేరవచ్చు?" ఆయన నా వైపు జాలిగా చూసి, నాకు కాక నర్సుకు జవాబు చెప్పాడు.

ముంబైలో మా బాస్‌కు ఫోన్ చేశాను. చెడ్డమనిషి కాదు. నువ్వు భద్రంగా ఉండు, ఇక్కణ్ణుంచి ఎవరినీ పంపలేం, వీసా దొరకదు, లోకల్ గైడ్‌నూ డ్రైవర్‌నూ పట్టుకుని గ్రూపును ముందుకు పంపించు అన్నాడు. "ఒక్కరిని కూడా వెనక వదలొద్దు. ప్రయాణికుణ్ణి వదిలేస్తే మన మెడకు చుట్టుకుంటుంది." నేను సరేనన్నాను. ఆ మాట నేనే ఎంతోమంది కొత్త మేనేజర్లకు చెప్పి ఉన్నాను.

మా గ్రూపులో అందరూ మామ అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నాడు. పలెర్మోలో దిగిన క్షణం నుంచి ఆయనకు ఏదీ నచ్చలేదు. అన్నం పలుకు, పరుపు మెత్తన, ఏసీ చల్లన. ఆయన నా మంచం దగ్గరికి వచ్చి గంభీరంగా, "బిడ్డా, నీ గొడుగు నాకియ్యి" అన్నాడు. ఇచ్చాను. దాంతో ఆయన మేనేజర్ అయ్యాడు. ఆ తర్వాత ఆయన ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదని విన్నాను. చేద్దామంటే ఎవరికి చేస్తాడు?

ఇక అందరూ బస్సెక్కాలి. సేటమ్మ మాత్రం నా మంచం పక్కన కుర్చీలో కూర్చుంది.

"అక్కా, బస్సు పోతది. మీరు పోవాలె" అన్నాను.

"నేను పోత లేను."

"రూల్ ఒప్పుకోదక్కా. నేను ఒక్కదాన్నే ఉంట. గీ నర్సులు జూసుకుంటరు."

"నర్సులకు నీ భాష వస్తదా? నీకు దూప అయితే నీళ్లు ఏమని అడుగుతవ్?"

"మీరు అగ్గికొండ జూడాలె కదా!"

"నిజం జెప్పనా? గా బస్సుల కూసోని కూసోని నా నడుమిరిగింది. గీడ మంచిగున్నది. సల్లగున్నది. నువ్వు కండ్లు మూసుకో."

ఆమె భర్త గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఒక్క పూట కూడా ఆమె లేకుండా గోలీ వేసుకోలేదని తర్వాత తెలిసింది.

"మరి నా గోలీలు?" అన్నాడు.

ఆమె చేతిసంచి మొత్తం ఆయనకు ఇచ్చేసింది. "పొద్దటిది తెల్లది. పగటిది గులాబీ రంగుది. తిన్నంక ఏసుకో, తినకముందు కాదు."

"యాది మరిస్తే?"

"ఫోన్ జెయ్యి."

ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు. వెళ్లకుండా ఇంకా అక్కడే నిలబడ్డాడు. "నువ్వు అగ్గికొండ జూస్తనంటివి."

"నువ్వు జూడు. జూసొచ్చి నాకు జెప్పు."

ఆయన నా వైపు తిరిగి, "జాగ్రత్తమ్మా, అది ఊకనే అరుస్తది గని మనసు మంచిది" అని మెల్లగా చెప్పి వెళ్లాడు. మా గ్రూపు మొత్తంలో మెల్లగా మాట్లాడటం వచ్చినవాడు ఆయనొక్కడే.

బాస్ మళ్లీ ఫోన్ చేశాడు. అందరూ కదిలారా అని అడిగాడు. ఒకరు ఆగారు అన్నాను. ఆయన గొంతు పెంచాడు. సేటమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సునో భాయ్, మై పాసింజర్ నహీ హూ. ఇస్కీ బహెన్ హూ. అబ్ రఖో."

అలా పాసింజర్ కాస్తా నాకు అక్కయిపోయింది. ఫోన్ పెట్టేసి, "గిట్ల జెప్తె ఇగ లొల్లి ఉండదు" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే డొక్కలో నొప్పొచ్చింది. నొప్పితో పాటు ఏడుపొచ్చింది. ఆమె చీర కొంగుతో నా కళ్లు తుడిచింది.

సాయంత్రం కావస్తుండగా ఒక నర్సు వచ్చింది. ఐదు వేళ్లు ముడిచి పైకి పెట్టి, చెయ్యి ముందుకీ వెనక్కీ ఊపింది. అక్కడివాళ్లు ఏం కావాలి అని అడగడానికి అలా చేస్తారని నాకు తెలుసు. సేటమ్మ దాన్ని తిన్నావా అని అర్థం చేసుకుంది. తనూ వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టుకుని, తర్వాత చెయ్యి అడ్డంగా ఊపింది. తినలేదని. నర్సు వెళ్లి రొట్టె, ఒక గిన్నెలో సన్న సేమ్యా వేసిన చారు తెచ్చిపెట్టింది. "జూసినవా, ఎంత మర్యాద వీండ్లది" అంది సేటమ్మ. ఇక అక్కణ్ణుంచి వాళ్లిద్దరికీ భాష కుదిరిపోయింది. సాంచాల మోతలో మాట వినబడదు కాబట్టి మా వాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగింది, నీళ్లు తే, సేటు వస్తున్నాడు, అన్నీ చేతులతోనే. ఆ దీవివాళ్లకు సాంచాలు లేకపోయినా అదే అలవాటు. నా సెలైన్ అయిపోవచ్చిందని, నాకు చలిగా ఉందని, దిండు ఇంకొకటి కావాలని ఆమె చేతులతో చెప్తుంటే నర్సు గలగలా ఇటాలియన్‌లో జవాబిచ్చేది. సేటమ్మ గలగలా తెలుగులో మాట్లాడేది. పనులన్నీ జరిగిపోయేవి. ఇంగ్లిష్ వచ్చిన నాతో మాత్రం ఎవరికీ అవసరం పడలేదు.

అప్పుడే అమ్మ ఫోన్ వచ్చింది. భివండీలో అది అమ్మ పడుకునే వేళ. నేను ఏ దేశంలో ఉన్నా రోజూ ఒకసారి నా గొంతు విని పడుకునేది. మందుల మత్తులో నాకు చెయ్యి లేవలేదు. సేటమ్మ ఎత్తింది.

"ఆఁ, జెప్పుండ్రి... మీ బిడ్డ పండుకున్నదవ్వా. తిరిగి తిరిగి అలిసిపోయింది... మంచిగనే ఉన్నది. ఏం ఫికర్ జెయ్యకుండ్రి... నేనా? గీ టూర్ల వచ్చినదాన్నే. మాది భీ భివండీనే. నాగావ్."

తర్వాత ఆమె మాట ఆగిపోయింది. అవతల అమ్మ ఏం చెప్తోందో నాకు వినబడలేదు. సేటమ్మ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. చాలాసేపు ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది. గొంతు వినగానే అమ్మ గుర్తుపట్టిందట. "సేటమ్మా, నువ్వేనా?" అందట.

మంచం దగ్గరికి వచ్చి నన్ను చూసింది. "మీ అమ్మ మా కార్ఖానల పని జేసిందా?"

"అవ్ అక్కా."

"పలెర్మో సంది మైకు పట్టుకోని నా ముంగట నిలబడుతున్నవ్. ఒక్క మాట జెప్పకపోతివి."

"జెప్తె ఏమయితుండె?"

ఆమె ఆలోచించింది. "ఏమో. నాకు భీ తెల్వది."

నా దుప్పటి సర్ది, "నీతోని అబద్ధమెందుకు. మీ అమ్మ నాకు యాదికొస్తలేదు" అంది. "ఎంతోమంది ఆడోళ్లు వచ్చేటోళ్లు, పోయేటోళ్లు. నేను పైనుంచి జూసేదాన్ని. అందరి తలలే కనబడేటివి. ఏడ కూసునేది మీ అమ్మ?"

"కిటికీ కింద. పొద్దుమాను దుమ్ము పడుతదని తలకు పచ్చగుడ్డ కట్టుకునేది. పక్కన మా తమ్ముని ఊయల ఉండేది. కిటికీ ఊసలకు చీర కట్టి."

ఆమె ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది.

"ఊయల యాదికున్నది."

ఆమె మెల్లగా, నిజంగానే మెల్లగా చెప్పింది. "నాకు చానేండ్లు పిల్లలు కాలే. అత్తమ్మ పండుకున్నంక కిందికి దిగేదాన్ని. గా సాంచాల మోతల గా పిల్లగాడు ఎట్ల నిద్రపోతుండెనో! నేను ఒక్కసారి ఊపి మల్ల పైకి పోయేదాన్ని. మీ అమ్మ జూసింది. జూసి తల వంచుకోని కండె చుట్టుకుంట కూసున్నది. ఎవలకు జెప్పలే. మొకం యాదికి లేదు గని, గా తల వంచుకున్నది యాదికున్నది."

ఊయలలో పిల్లాడు ఇప్పుడు భివండీలో టెంపో నడుపుతాడని చెప్పాను. "లావుగున్నడా?" అని అడిగింది. ఉన్నాడన్నాను. సంతోషించింది.

తర్వాత నేను ఊహించని పని చేసింది. ఫోన్ తీసుకుని అమ్మకు మళ్లీ కలిపింది.

"అవ్వా, ఇందాక నీకు అబద్ధం జెప్పిన. నీ బిడ్డకు పానం బాగలేదు. రేపు ఆపరేషన్. పెద్దది కాదు, చిన్న చిన్న రంధ్రాలు జేసి తీస్తరట. నేను పక్కన్నే ఉన్న. నేనే ఉంట."

నాకు కోపం వచ్చింది. అమ్మకు నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది, ఎందుకు చెప్పావు అన్నాను. "మీ అమ్మకు మాటలు దాసుడు నాకన్న బాగ వస్తది" అంది సేటమ్మ. "నేను దాస్తె పట్టుకుంటది."

"ఏమన్నది అమ్మ?"

"నువ్వున్నవ్ కద సేటమ్మా, ఇగ నేను పండుకుంట అన్నది."

మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకెళ్లారు. తలుపు దాకా ఆమె చెయ్యి నా తల మీద ఉంది. భయపడ్డానా అంటే భయపడ్డాను. ఊరు కాని ఊళ్లో, మనది కాని పైకప్పు చూస్తూ వెళ్లడం చాలా వింతగా ఉంటుంది. కానీ తలుపు అవతల ఆ గొంతు వినబడుతోంది. ఎవరినో గదమాయిస్తోంది, తెలుగులో. ఆ గొంతు వింటూ మత్తులోకి జారుకున్నాను.

మెలకువ వచ్చేసరికి ఆమె కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కాళ్ల కింద చెప్పులు లేవు. తర్వాత రెండు రోజులూ నాకు వాంతులైతే పళ్లెం పట్టింది, మొహం కడిగింది, చిక్కుపడ్డ జుట్టు దువ్వి జడ వేసింది. నేను సిగ్గుపడి వద్దంటే, "నీకు చేతులు లేసినంక నువ్వే ఏసుకో, నేను అడ్డం రాను" అనేది. మా అమ్మ ఆమె కార్ఖానాలో ఎంతకాలం పనిచేసిందో ఒక్కసారి కూడా అడగలేదు. దాని గురించి మాట్లాడనూ లేదు. రుణం తీర్చుకుంటున్నట్టు కూడా ఎప్పుడూ కనబడలేదు. అందుకే ఆమె చేసింది నాకు బరువు కాలేదు.

ఆమె భర్త రోజూ ఫోన్ చేశాడు. "గులాబీదా, తెల్లదా?" అని అడిగేవాడు. అగ్నిపర్వతానికి వెళ్లిన రోజు ఆమే ముందుగా అడిగింది.

"అగ్గికొండ ఎట్లున్నది?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆయన గొంతు నేనూ విన్నాను. "ఏం లేదు. మొత్తం మబ్బు. ఏం కనబడలే. ఇంత దూరం దండుగ. నువ్వు రాకపోవుడే మంచిగయింది."

"జూసినవా?" అని సేటమ్మ నాతో అంది, తృప్తిగా. "నాకు ముందే ఎరుక."

తిరుగు ప్రయాణం రోజు డాక్టర్ నన్ను పరీక్షించి, కదలకుండా కూర్చుంటానంటే విమానం ఎక్కవచ్చన్నాడు. గ్రూపు విమానం కటానియా నుంచి. డ్రైవర్ ముందు మావాళ్లను విమానాశ్రయంలో దింపి నా కోసం రావాల్సింది. కానీ ఆయన గ్రూపును బస్సులో పెట్టుకుని, అంత దూరం వెనక్కి నడుపుకుంటూ మళ్లీ అదే గుమ్మం ముందుకు వచ్చాడు. అందరూ రావాలన్నారట. మామ గొడుగు పైకెత్తి ముందు నిలబడ్డాడు. మా మంచం దగ్గరి నర్సు సేటమ్మ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. సేటమ్మ ఉలిక్కిపడి, తర్వాత ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

బస్సులో నన్ను రెండు సీట్లలో పడుకోబెట్టారు. వెనక సీట్లోని మరో సేటు కోడలు పిల్ల సేటమ్మకు ఫోన్‌లో టూర్ ఫోటోలు చూపిస్తోంది. తావోర్మీనా, సముద్రం, ఐస్‌క్రీములు. తర్వాత కొండ. ఆకాశం కడిగినట్టుంది. ఒక్క మబ్బు తునక లేదు. కొండ కొస మీద మంచు, దాని మీద తెల్లటి పొగ. ముందు సేటమ్మ భర్త నిలబడి ఉన్నాడు, భుజానికి ఆమె చేతిసంచి వేసుకుని.

ఆమె ఆ ఫోటోను చాలాసేపు చూసింది. పక్కన కూర్చున్న భర్తను చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఎంతో శ్రద్ధగా. ఫోన్ తిరిగి ఇచ్చేసి, ఆయన భుజం మీది సంచి తీసి తన భుజానికి వేసుకుంది.

కంపెనీలో నాకు ఎవరూ ఏమీ అనలేదు. కాకపోతే మేనేజర్ దగ్గరున్న వివరాలన్నీ డ్రైవర్ దగ్గర కూడా ఉండాలని కొత్త పద్ధతి పెట్టారు. ఆ తర్వాత కూడా ఎన్నో టూర్లు చేశాను. నేను దగ్గరుండి పూర్తి చేయని టూర్ అదొక్కటే. ముంబైలో ఆఖరి ప్రయాణికుడు వెళ్లేదాకా నిలబడటం నా పని అని చెప్పాను కదా. ఆ రోజు అందరూ నిలబడి నన్ను ముందు పంపించారు.

సేటమ్మ నన్ను తన కారులోనే నార్పోలికి తీసుకొచ్చింది. మా చాల్ మెట్లు ఇరుకు. ఆమె ఆయాసపడుతూ నా జబ్బ పట్టుకుని ఎక్కించింది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత వెనకున్న ఆమెను చూసి, ఏడుపు మింగి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని గోడకు ఒదిగి నిలబడింది.

ఉన్న ఒక్క మంచం మీద నన్ను పడుకోబెట్టారు. గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. "కూసో సేటమ్మా" అంది అమ్మ.

"నువ్వు కూసో అవ్వా."

"నేనెట్ల కూసుంట?"

సేటమ్మ కూర్చోలేదు. కూర్చుంటే అమ్మ అలాగే నిలబడి ఉంటుందని ఆమెకు అర్థమైందనుకుంటాను. అమ్మ చాయ్ పెట్టింది. ఇద్దరూ నిలబడే తాగారు. ఏ గోలీ ఎప్పుడు వేయాలో, నూనె వస్తువులు ఎన్నాళ్లు పెట్టకూడదో, కుట్లు ఎప్పుడు విప్పించాలో సేటమ్మ నిలబడే చెప్పింది. అమ్మ నిలబడే తల ఊపింది. చాయ్ అయిపోయింది. చెప్పాల్సినవీ అయిపోయాయి. ఎవరూ కదల్లేదు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులున్నాయి. నేను మంచం మీద పడుకుని వాళ్లిద్దరినీ చూస్తున్నాను. అమ్మ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. ఆమె కూడా మార్చుకుంటోంది.

చివరికి మా అమ్మ, "అమ్మో, ఇగ నాతోని కాదు" అని నా కాళ్ల దగ్గర మంచం మీద కూలబడింది.

అప్పుడు ఆమె కూడా కూర్చుంది, అమ్మ పక్కన, ఆ మంచం మీదనే.